ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు: బడి పుస్తకం మీద పరిశోధన ఎలా చేయాలి

తిరుపతిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళకు, పీహెచ్‌డీకి కొత్తగా చేరినవాళ్ళకు మొదటి టెన్షన్ టాపిక్ దగ్గరే. ఎక్కువమంది చేసే పని, డిపార్ట్‌మెంటు లైబ్రరీలో బైండు చేసిన పాత గ్రంథాల పేర్లు చూసి అందులో కవి పేరు మార్చుకోవడం. 'ఫలానా కవి కవిత్వం: ఒక పరిశీలన' అని రాసుకుంటారు. గైడ్ సరేనంటారు, సినాప్సిస్ పాసైపోతుంది. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. అందులో ప్రశ్న అంటూ ఏదీ లేదు కాబట్టి ఎంత రాసినా జవాబు రాదు. కవి పుట్టుక, బాల్యం, సమకాలికులు, తెలుగు సాహిత్య చరిత్ర అంటూ మొదటి అధ్యాయమే వంద పేజీలు పోతుంది.

దానికి బదులు చేతికి అందేంత దూరంలో ఉన్న ఒక సరుకు చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ప్రభుత్వ బడి పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే విషయం ఇంగ్లీషులో. టీచర్లు వీటిని మిర్రర్ ఇమేజ్ పుస్తకాలంటారు. అనువాదం మీద పని చేసేవాళ్ళకు పక్కపక్కనే పేర్చిపెట్టిన రెండు పాఠాలు ఇవి. భాషాబోధన వాళ్ళకు రోజూ తరగతిలో వాడుకలో ఉన్న పనిముట్టు. శైలి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు, లక్షల మంది పిల్లలు తప్పనిసరిగా చదివే తెలుగు వచనం. ఇంత ముఖ్యమైన వచనాన్ని సాహిత్య విద్యార్థులు సాహిత్యం కాదని వదిలేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ముందు ప్రశ్న, తర్వాత పేరు

'మిర్రర్ పుస్తకాల్లో అనువాద సమస్యలు' అనేది ప్రశ్న కాదు. 'ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఇంగ్లీషు కర్మణి వాక్యాలు తెలుగులో ఎలా వచ్చాయి? ఆ వాక్యాల దగ్గర పిల్లలు ఎక్కువ తడబడుతున్నారా?' అనేది ప్రశ్న. కర్మణి అంటే 'చేయబడింది' తరహా వాక్యం, కర్తరి అంటే 'చేశారు' తరహా వాక్యం. ఈ ప్రశ్నకు రెండు జవాబులు రావచ్చు. తడబడుతున్నారని తేలవచ్చు, లేదూ పిల్లలకు ఆ వాక్యాలు అలవాటైపోయాయి, కష్టమంతా పారిభాషిక పదాల (శాస్త్ర పదాల) దగ్గరే ఉందని తేలవచ్చు. ఏ జవాబు వస్తుందో మీకు ముందే తెలిసిపోయేలా ఉంటే ఆ ప్రశ్న మార్చుకోండి.

పై ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి, గమనించండి. మొదటిది పుస్తకంలో తేలేది, రెండోది బడిలో తేలేది. ఎం.ఏ. ప్రాజెక్టుకు మొదటి ముక్క చాలు. పీహెచ్‌డీకి రెండూ కావాలి. పది తరగతులు, మూడు సబ్జెక్టులు అని ఆశపడకండి. ఒక తరగతి, ఒక సబ్జెక్టు, మూడు నాలుగు పాఠాలు తీసుకున్నా బోలెడు పని.

ఇదివరకు ఎవరేం చేశారు

శోధ్‌గంగలో వెతకండి. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు గ్రంథాల పేర్లు అక్కడ ఇంగ్లీషు లిపిలో ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో ఎక్కించి ఉంటారు, కాబట్టి ఒకే మాటను రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. దొరికిన గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చదవొద్దు. చివరి అధ్యాయం చూడండి, తర్వాత ప్రశ్నపత్రాలు, పట్టికలు ఉన్న అనుబంధం చూడండి. నిజంగా పని జరిగిందా లేదా అనేది అక్కడే తెలిసిపోతుంది.

ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నాయి. మీది ఏ యూనివర్సిటీ అయినా, గైడ్ దగ్గర ఒక ఉత్తరం తీసుకెళ్ళి మిగతా రెండిటి లైబ్రరీల్లో చూసుకోవడానికి అనుమతి అడగండి. సంస్కృతం మనకెందుకులే అనుకోవద్దు. బడి సైన్సులోని కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం, త్వరణం వంటి మాటలన్నీ సంస్కృతం నుంచి కట్టినవే. ఆ మాటను ఎక్కడ విరవాలో చెప్పగల మనిషి అక్కడ దొరుకుతారు.

మాటల కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధన, తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు దగ్గర పెట్టుకోండి. వ్యవసాయం, నీరు, నేల వంటి పాఠాలైతే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం చాలా పనికొస్తుంది. పుస్తకం వాడిన మాటకు రైతులు వాడే మాట ఏమైనా ఉందా అని అందులో చూసుకోవచ్చు.

వాక్యానికి వాక్యం పేర్చడం

అసలు పని ఇదే. చాలామంది తొందరపడేదీ ఇక్కడే.

పుస్తకం ఏ సంవత్సరం ముద్రణో ముందు రాసుకోండి. పాఠాలు మారుతుంటాయి, మీరు పని ముగించేలోగా కొత్త పుస్తకం వచ్చినా రావచ్చు. మొదటి పేజీల్లో రచయితలు, అనువాదకులు, సంపాదకుల జాబితా ఉంటుంది, అది చదవండి. ఇంగ్లీషు పేజీయే మూలం, తెలుగు పేజీ అనువాదం అని ముందే ఖాయం చేసుకోవద్దు. ఒక్కో పాఠం ఒక్కో రకంగా తయారై ఉండవచ్చు. ఆధారం దొరక్కపోతే 'మూలం', 'అనువాదం' అనే మాటలే వాడకుండా 'తెలుగు పాఠం', 'ఇంగ్లీషు పాఠం' అని రాయండి. వైవాలో (గ్రంథం మీద జరిగే మౌఖిక పరీక్షలో) ఆ జాగ్రత్తే మిమ్మల్ని కాపాడుతుంది.

తర్వాత ఎక్సెల్ తెరవండి. మొదటి గడిలో వరుస సంఖ్య, రెండో గడిలో పేజీ, మూడో దాంట్లో తెలుగు వాక్యం, నాలుగో దాంట్లో ఇంగ్లీషు వాక్యం, అయిదో దాంట్లో మీ గమనిక. ఒక ఇంగ్లీషు వాక్యం తెలుగులో రెండుగా విరిగితే రెండిటినీ ఒకే వరుసలో పెట్టండి. ఒక వైపు ఉండి రెండో వైపు లేని వాక్యానికి ఎదురుగా ఖాళీ వదలండి. ఈ ఖాళీలే తర్వాత మంచి సమాచారం ఇస్తాయి.

పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే తెలుగు పిచ్చి గీతలుగా వస్తోందా? ఆ పేజీలు యూనికోడ్ కాని ఫాంటులో కట్టినవన్నమాట. గూగుల్ డ్రైవ్‌లోకి బొమ్మగా ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది. వత్తులు, సున్నాల దగ్గర తప్పులు మిగులుతాయి కాబట్టి పుస్తకం పక్కన పెట్టుకొని దిద్దాల్సిందే. విసుగు పనే. కానీ చేతితో దిద్దుతున్నప్పుడే వాక్యాల తీరు బుర్రకెక్కుతుంది, అందుకే డబ్బులిచ్చి టైపు చేయించుకోవడం నేను మెచ్చను.

ఇప్పుడు గమనిక ఎలా రాయాలో చూద్దాం. ఇది పుస్తకంలోది కాదు, నేను కట్టిన వాక్యం: 'మొక్కల చేత ఆక్సిజన్ వాతావరణంలోకి విడుదల చేయబడుతుంది.' అర్థమవుతుంది, వ్యాకరణం తప్పు కూడా లేదు. కానీ ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడరు. 'మొక్కలు ఆక్సిజన్‌ను గాలిలోకి వదులుతాయి' అంటారు. గమనికలో 'కృత్రిమంగా ఉంది' అని రాసి వదిలేస్తే ఉపయోగం లేదు, అది అభిప్రాయం. ఇలా రాయండి: కర్మణి ప్రయోగం, కర్త 'చేత'తో వచ్చింది, క్రియ 'చేయబడు', ఇంగ్లీషు వాక్యమూ కర్మణే, కర్తరిగా మార్చితే అర్థం పోదు. ఇలా రాస్తే రేపు లెక్కపెట్టవచ్చు.

లెక్కపెట్టేటప్పుడు ఒక చిక్కు. 'బడు' అని వెతికితే కనబడు, వినబడు, నిలబడు కూడా వచ్చిపడతాయి. ఇవి మన నోట్లో పుట్టిన మాటలే, కర్మణి కిందికి రావు. 'ఏర్పడు', 'భయపడు' మరో రకం. కాబట్టి కంప్యూటర్ ఇచ్చిన అంకెను అలాగే పట్టికలో ఎక్కించొద్దు, ఒక్కొక్కటి చూసి వేరు చేయండి. ఇంకోటి, 'ఇంగ్లీషులో కర్మణి ఉంది కాబట్టి తెలుగులో వచ్చింది' అనే మాటకు కూడా రుజువు కావాలి. ఇంగ్లీషు కర్తరిగా ఉండి తెలుగు మాత్రం కర్మణిగా ఉన్న వాక్యాలు దొరికితే, అది అనువాదం తప్పు కాదు, మన పాఠ్యపుస్తకాల శైలే అలా స్థిరపడిందని అర్థం. నా మటుకు నాకు, ఈ పరిశోధనలో అన్నిటికంటే ఆసక్తిగా ఉండేవి ఈ వాక్యాలే.

సిద్ధాంతాలు ఎక్కడ వాడాలి అంటారా? అనువాద పద్ధతుల మీద పని చేసిన వీనే, దార్బెల్నే 1958లో ఫ్రెంచి-ఇంగ్లీషు జంట కోసం చేసిన ఏడు పద్ధతుల విభజన, నైడా 1964లో చెప్పిన రూప సమానత (మూలం రూపాన్ని నిలపడం), ప్రభావ సమానత (చదివేవారి మీద అదే ప్రభావం కలిగించడం) అనే భేదం, ఈ రెండూ ప్రతి సిలబస్‌లో ఉంటాయి. ముందు మీ వరుసలు ఓ వంద చూసి సొంతంగా విభాగాలు చేసుకోండి, ఆ తర్వాత వాళ్ళ విభాగాలతో సరిపోల్చండి. ముందే వాళ్ళ ఏడు గళ్ళు గీసుకొని అందులో తెలుగు వాక్యాలు కుక్కితే, ఆ గళ్ళలో పట్టనివి మీ కంటికి ఆనవు.

చివరగా ఒక యాభై వాక్యాలు మీ గమనికలు లేకుండా స్నేహితుడికో స్నేహితురాలికో ఇచ్చి, మీ విభాగాల నిర్వచనాలు చెప్పి, వేరుగా విభజించమనండి. ఇద్దరికీ తేడా వచ్చిన చోట ఎవరిది ఒప్పు అని వాదులాడకండి. నిర్వచనం వదులుగా ఉంది, బిగించండి.

బడికి వెళ్ళే ముందు

గైడ్ దగ్గర, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు అధిపతి) దగ్గర సంతకాలతో ఉత్తరం తీసుకొని జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇవ్వండి. అనుమతి వచ్చాక ఎంఈఓకూ (మండల విద్యాశాఖాధికారి) హెడ్‌మాస్టరుకూ చూపించండి. తెలిసిన టీచరున్నారు కదా అని నేరుగా తరగతిలోకి వెళ్తే, రేపు గ్రంథంలో ఆ సమాచారం వాడుకోవడానికి కాగితం ఉండదు. పిల్లల తల్లిదండ్రులకు తెలుగులో, అర పేజీ మించకుండా, ఏం చేయబోతున్నారో రాసి సంతకం తీసుకోండి. సరిహద్దు ఊళ్ళలో ఆ అర పేజీ తమిళంలో కూడా ఉండాలి. పిల్లల పేర్లు ఎక్కడా వద్దు, అ-1, అ-2 అని గుర్తులు పెట్టుకోండి.

రోజులు చూసుకోండి. పరీక్షల వారం వద్దు, దసరా, సంక్రాంతి సెలవులకు ముందు రెండు మూడు రోజులూ వద్దు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలూ టీచర్లూ ఇద్దరూ ఇంటి మీదే ధ్యాసగా ఉంటారు. జులై, ఆగస్టు బాగుంటాయి, నవంబరు కూడా. బ్రహ్మోత్సవాల వారంలో తిరుపతి టౌన్ బడికి పని పెట్టుకుంటే బస్సులోనే సగం రోజు పోతుంది.

పిల్లలకు అర్థమైందా లేదా, ఎలా తెలుసుకోవాలి

'అర్థమైందా?' అని అడిగితే తరగతి మొత్తం 'ఆఁ... సార్' అంటుంది. కాబట్టి అది కొలత కాదు.

క్లోజ్ పరీక్ష సులువైన పద్ధతి. విల్సన్ టేలర్ 1953లో దీన్ని ప్రవేశపెట్టారు. పాఠంలోంచి ఒక భాగం తీసుకొని, మొదటి వాక్యం, చివరి వాక్యం కదిలించకుండా, మధ్యలో ప్రతి అయిదో మాటో ఏడో మాటో తీసేసి ఖాళీ పెడతారు. పిల్లలు ఆ ఖాళీలు నింపాలి. ఎంత నింపగలిగితే ఆ పాఠం వాళ్ళకు అంత అందుతున్నట్టు.

తెలుగుకు దీన్ని వాడేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, మాటల లెక్క. ఇంగ్లీషులో మూడు మాటలయ్యేది తెలుగులో 'చెట్టునుంచి' అని ఒక్క మాటలో అయిపోతుంది. ఒకే విషయం తెలుగులో తక్కువ మాటలతో నడుస్తుంది. రెండు భాషల్లోనూ ప్రతి ఏడో మాట తీసేస్తే ఖాళీల సంఖ్య వేరవుతుంది, ఒక్కో ఖాళీ బరువు కూడా వేరవుతుంది. అందుకని తెలుగు మార్కునూ ఇంగ్లీషు మార్కునూ నేరుగా పోల్చి 'పిల్లలకు తెలుగే బాగా వచ్చు' అని రాయకండి. తెలుగులోనే రెండు రూపాలు చేయండి: పుస్తకంలో ఉన్నది ఒకటి, కర్మణి వాక్యాలను మీరు కర్తరిగా మార్చింది ఒకటి. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండిటి పోలికలో ఉంది.

రెండు, దిద్దడం. 'వదులుతాయి' ఉండాల్సిన చోట పిల్ల 'ఇడుస్తాయి' అని రాసింది. తప్పా? అచ్చంగా అదే మాట ఉంటేనే మార్కు అనే పద్ధతి ఒకటి, అర్థం సరిపోతే మార్కు అనే పద్ధతి ఇంకొకటి. రెండు విధాలా దిద్ది రెండు అంకెలూ ఇవ్వండి. చిత్తూరు మాటను తప్పు కింద కొట్టేస్తే మీరు కొలిచింది సైన్సు అర్థమవడం కాదు, కోస్తా జిల్లాల తెలుగు వచ్చా రాదా అని.

మూడు, పాత పుస్తకాల్లో కనిపించే గీతలు. 57 శాతం దాటితే సొంతంగా చదువుకోగలరు, 44 నుంచి 57 వరకు టీచరు సాయంతో, 44కు తక్కువైతే పాఠం కష్టం అని బోర్ముత్ పరిశోధన పేరుతో ఉంటుంది. అవి ఇంగ్లీషు పాఠాలకు, అచ్చంగా అదే మాట ఉండాలన్న దిద్దుబాటుకు వచ్చిన అంకెలు. తెలుగుకు అంటించొద్దు.

తరగతిని రెండు జట్లు చేసి, మొదటి జట్టుకు ఒక పాఠం పుస్తకం రూపంలో, ఇంకో పాఠం మార్చిన రూపంలో ఇవ్వండి. రెండో జట్టుకు తిరగేసి ఇవ్వండి. బాగా చదివే పిల్లలంతా ఒకే జట్టులో పడ్డా లెక్క చెడకుండా ఉంటుంది. హాజరు పట్టీ వరుసలో ఒకరు విడిచి ఒకరిని తీసుకుంటే జట్లు సులువుగా పడతాయి. మొదటి రెండు బెంచీలు ఒక జట్టు, వెనక బెంచీలు ఒక జట్టు అని మాత్రం చేయకండి!

మాట్లాడించడం

ఖాళీలు నింపినంత మాత్రాన అన్నీ బయటపడవు. జట్టుకు నలుగురైదుగురిని పిలిచి, పుస్తకం మూసి, 'ఈ పాఠంలో ఏముందో మీ చెల్లెలికి చెప్పినట్టు చెప్పు' అనండి. ఫోనులో మాట మాత్రం రికార్డు చేయండి, వీడియో వద్దు. విన్నది విన్నట్టే రాయండి. 'ఆకులోనుంచి నీళ్ళు ఆవిరై పైకి పోతా ఉండాది' అంటే అలాగే. దాన్ని 'పోతూ ఉంటుంది' అని దిద్దారంటే మీ సమాచారం మీరే చెరిపేసుకున్నట్టు.

నగరి, సత్యవేడు వైపు బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు, కుప్పం వైపు తమిళంతోపాటు కన్నడం కూడా. అక్కడ ఒక పిల్లవాడు 'ఆకులు రాలిపోతుంది' అన్నాడనుకోండి. తమిళంలో ఇలాంటి చోట కొన్ని క్రియలకు ఏకవచనానికీ బహువచనానికీ రూపం ఒకటే, కాబట్టి తమిళ ప్రభావం అని రాసేయాలనిపిస్తుంది. ఆగండి. భాష నేర్చుకునేవాళ్ళ తప్పుల మీద పని చేసిన కోర్డర్ 1967లో నోరు జారిన తప్పు వేరు, నేర్చుకునే క్రమంలో పాతుకున్న తప్పు వేరు అని విడదీశారు. ఆ పిల్లవాడు వేరే వాక్యాల్లో కూడా అలాగే అంటున్నాడా? అదే తరగతిలో తెలుగు ఇంటి పిల్లలు కూడా అంటున్నారా? వాళ్ళూ అంటుంటే అది ఆ ఊరి తెలుగు తీరే కావచ్చు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చాకే కారణం రాయండి.

టీచరుతో కూడా ఒక గంట కూర్చోండి. ఏ పేజీ తెరిచి చెప్తారు, పిల్లలు ఆగిపోతే ఎదురు పేజీకి వెళ్తారా, పరీక్ష ఏ భాషలో రాయిస్తారు, ఇవి అడగండి. పుస్తకం ఎంత మంచిదైనా ఒక వైపు పేజీ ఎవరూ తెరవకపోతే మీ పోలికకు తరగతిలో విలువ వేరుగా ఉంటుంది.

రాయడం

విశ్లేషణ అధ్యాయం ముందు రాయండి. ఉపోద్ఘాతం ఆఖరున. గ్రంథం ఇంగ్లీషులో రాస్తుంటే ప్రతి ఉదాహరణకూ తెలుగు లిపిలో వాక్యం, దాని కింద రోమన్ లిపి, దాని కింద మాటకు మాట అర్థం, చివర పూర్తి అర్థం, ఈ నాలుగు వరుసలూ ఇవ్వండి. తెలుగు రాని పరీక్షకుడు కూడా మీ వాదన పట్టుకోగలగాలి.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. అది దాటి 40 శాతం వరకైతే దిద్ది మళ్ళీ సమర్పించాలి. మూలం చెప్పి ఉదహరించినవి ఆ లెక్కలోకి రావు, కాబట్టి పుస్తకం వాక్యాలన్నిటినీ ఉల్లేఖన గుర్తుల్లో పెట్టి పేజీ సంఖ్య ఇవ్వండి. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు అని ఉంది. గ్రంథానికి ముందు వ్యాసం అచ్చు వేయాలన్న తప్పనిసరి కూడా అందులో తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో మాత్రం పరిశోధన విభాగంలో కనుక్కోండి. డబ్బు కడితే రెండు రోజుల్లో వేస్తామని వాట్సాప్‌లో వచ్చే పత్రికల జోలికి వెళ్ళకండి.

బడి పుస్తకం మీద మనసు పోకపోతే ఇదే పద్ధతి సాహిత్యానికీ నడుస్తుంది. అన్నమయ్య పదాలకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదాలు 2005లో పుస్తకంగా వచ్చాయి. నాలుగైదు పదాలు తీసుకొని పల్లవి తిరిగి వచ్చే చోట అనువాదకులు ఏం చేశారో చూడటమే ఒక ఎం.ఏ. ప్రాజెక్టు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను తానే ఇంగ్లీషు చేసింది 1919లో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. కవే అనువాదకుడైతే ఎంత స్వేచ్ఛ తీసుకుంటాడో చూడాలంటే బెంగాలీ చదవగల మనిషి తోడు కావాలి.

వైవాకు వెళ్ళే ముందు ఎక్సెల్ ఫైలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) సిద్ధాంతం గురించి అడిగేది తక్కువ. 'ఏడో మాటే ఎందుకు తీశారు? ఆ బడినే ఎందుకు తీసుకున్నారు? ఈ వాక్యం కర్మణి అని ఎలా అన్నారు?' అని అడుగుతారు. మూడో ప్రశ్నకు వరుస సంఖ్య చూసి పేజీ తెరిచి చూపించండి. రెండో ప్రశ్నకు 'మా ఊరి బడి' అనేది జవాబే, కానీ దాని పక్కన ఆ బడిలో ఎంతమంది పిల్లలు, వాళ్ళ ఇంటి భాషలేమిటి అనే పట్టిక ఒకటి ఉండాలి.